గౌరీ వ్రతం చేటలకు వైశాఖంలోనే చెప్పండి: బెంగళూరు తెలుగు సంఘాల పెద్దలకు ఒక మేదరి ఆడబిడ్డ బహిరంగ లేఖ

బెంగళూరు నగరంలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, కల్యాణ మండపాలు నడిపే పెద్దలకు నమస్కారములు.

నేను హిందూపురం దగ్గర ఒక పల్లెలో మేదరి ఇంట పుట్టాను. పెళ్లయి బెంగళూరు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మా నాన్నగారు బతికున్నన్నాళ్లూ వెదురు చీల్చారు. మా అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటూ ఇప్పటికీ అల్లుతోంది. నేను చదువుకుని ఒక కార్యాలయంలో లెక్కలు రాసే పనిలో ఉన్నా, ఆదివారం పూట అమ్మ పక్కన కూర్చుని దబ్బ, అంటే చీల్చిన వెదురు బద్ద, పట్టుకోకుండా ఉండలేను. మీకు ఈ లేఖ రాయడానికి కారణం ఒకే ఒక విన్నపం. భాద్రపదంలో గౌరీ వ్రతానికి మీ సభ్యుల ఇళ్లకు ఎన్ని జతల చేటలు కావాలో ఉగాది నాటికే లెక్క తీసి, వైశాఖంలో సగం సొమ్ము ముందుగా చేతిలో పెట్టి, ఆ పని అల్లేవాళ్లకే నేరుగా అప్పగించండి. మండపాల్లో జరిగే పెళ్లిళ్ల గంపల విషయంలోనూ ఇదే పద్ధతి పాటించండి. ఇంత చిన్న మాటకు ఇంత పొడుగు లేఖ ఎందుకని మీకు అనిపించవచ్చు. ఆ సొమ్ము వైశాఖంలో రావడానికీ భాద్రపదంలో రావడానికీ మధ్య ఒక మేదరి ఇంటి సంవత్సరమంతా ఇరుక్కుని ఉంది కనుక, కొంత వివరంగా రాయక తప్పడం లేదు.

మన ఇళ్లలో వెదురు లేకుండా ఏ శుభకార్యమూ జరగదని మీకు నేను చెప్పనక్కరలేదు. పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెడతారు. పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మేనమామలు మండపంలోకి మోసుకొస్తారు. నోములు నోచుకున్న ఇల్లాలు చేటలో వాయనం పెట్టి, మరో చేట మూతవేసి, పైన కొంగు కప్పి ఇస్తుంది. ఆఖరి ప్రయాణానికి పాడె కట్టేదీ వెదురుతోనే. బెంగళూరుకు వచ్చిన తెలుగువారు కన్నడ ఇళ్ల ఆచారాన్ని కూడా ఇష్టంగా కలుపుకున్నారు. వినాయక చవితి ముందురోజు, భాద్రపద శుద్ధ తదియనాడు, ఇక్కడివారు ‘మొరద బాగిన’ అని పిలిచే జత చేటలకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, లోపల బియ్యం, పప్పులు, బెల్లం, గాజులు, దువ్వెన, అద్దం, నల్లపూసలు, రవికగుడ్డ సర్ది ముత్తయిదువులకు ఇస్తారు. ఐదేసి జతలు సిద్ధం చేసే ఇళ్లు మల్లేశ్వరం, బసవనగుడి వంటి పాత పేటల్లోనే కాదు, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు కొత్త అపార్ట్‌మెంట్లలోనూ ఉన్నాయి. ఆ వారం రోజుల్లో కె.ఆర్. మార్కెట్ చుట్టుపక్కల చేటల గుట్టలు చూసినవారికి, ఈ పనివాళ్లు పచ్చగా బతుకుతున్నారనే అనిపిస్తుంది.

ఆ గుట్టల వెనుక లెక్క ఇది. అల్లికకు పనికివచ్చే వెదురు వేరు, నిచ్చెనలకూ పందిళ్లకూ పనికివచ్చే వెదురు వేరు. పందిరికి మూడు నాలుగేళ్లు ముదిరిన బొంగు కావాలి. మాకు ఏడాది, రెండేళ్ల పచ్చి బొంగు, కణుపుకూ కణుపుకూ మధ్య దూరం ఎక్కువున్నది కావాలి. ముదిరినదాన్ని చీలిస్తే పెళుసుగా విరుగుతుంది, మరీ లేతదాన్ని చీలిస్తే ఆరాక ముడుచుకుపోతుంది. వెదురులో ఉండే పిండిపదార్థమే పుచ్చు పురుగుకు ఆహారం కనుక, ఏ కాలంలో నరికిన వెదురన్నది కూడా చూసుకోవాలి. బహుళ పక్షంలో కొడితే పుచ్చదని మా పెద్దల నమ్మకం, ఇప్పటికీ అమ్మ కొనేముందు ఆ ప్రశ్న అడుగుతుంది. వానలు మొదలయ్యాక వెదురు పొదల్లో కొత్త పిలకలు లేచే కాలం కాబట్టి నరకడం తగ్గుతుంది, మార్కెట్లో సరుకు తగ్గి ధర పెరుగుతుంది. అంటే గౌరీ పండుగ గిరాకీకి కావలసిన వెదురు వానలకు ముందే, వైశాఖంలోనే కొని పెట్టుకోవాలి. దబ్బలుగా చీల్చి నీడన ఆరబెట్టుకుంటే, అల్లే రోజు నీళ్లలో నానబెట్టి వాడుకోవచ్చు. ఈ పద్ధతి మా వాళ్లందరికీ తెలుసు. తెలిసినా చెయ్యలేరు. ఎందుకంటే ఆ నెలలో చేతిలో డబ్బు ఉండదు.

డబ్బు ఎవరి దగ్గర ఉంటుందంటే, సరుకు ఎత్తే వ్యాపారి దగ్గర ఉంటుంది. ఆయన వెదురుకు అడ్వాన్సు ఇస్తాడు, లేదా వెదురే తెచ్చి పడేస్తాడు. అది తీసుకున్నాక చేట ధర ఆయన చెప్పిందే. పండుగ ముందు రోజుల్లో అదే చేట అంగట్లో ఎంతకు అమ్ముడుపోతోందో మా అమ్మ కళ్లారా చూసింది, కానీ ఆ తేడాలో ఒక్క రూపాయి అయినా ఆమెది కాదు. నేను ఆ వ్యాపారిని దుర్మార్గుడు అనడం లేదు. ఆషాఢంలో పెళ్లిళ్లు లేక, అమ్మకాలు లేక, ఇంట్లో బియ్యం నిండుకున్నప్పుడు చేయి అందించింది ఆయన ఒక్కడే. మీరు ఆ స్థానంలో నిలబడగలరని, నిలబడితే మీకు ఏ నష్టమూ ఉండదని చెప్పడమే నా ఉద్దేశం. మీ సభ్యులు ఎలాగూ చేటలు కొంటారు, ఎలాగూ డబ్బు ఇస్తారు. ఆ డబ్బులో సగం నాలుగు నెలలు ముందుకు జరిగితే చాలు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక సంఘం ఉగాది వేడుకల్లో మా అమ్మను వేదిక పక్కన కూర్చోబెట్టి అందరూ చూస్తుండగా బుట్ట అల్లించారు. అంతా మర్యాదగానే జరిగింది. పిల్లలు చుట్టూ చేరి ఫొటోలు తీసుకున్నారు, సాయంత్రం శాలువా కప్పి సన్మానించారు. అమ్మ ఆ శాలువాను ఈనాటికీ పెట్టెలో దాచుకుంది. అయితే ఆ రోజు వేదికకు అలంకారంగా వేలాడదీసిన బుట్టలన్నీ ప్లాస్టిక్ తీగలతో యంత్రం మీద చేసినవి. పెళ్లి ఘట్టం ప్రదర్శించినప్పుడు పెళ్లికూతురిని కూర్చోబెట్టింది ఇనుప చట్రానికి స్పాంజి పూలు అంటించిన అద్దె బుట్టలో. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ అడిగింది: “ఆ బుట్టలు నన్నే అల్లమని ఒక నెల ముందు చెప్పుంటే అల్లేదాన్ని కదమ్మా?” నిర్వాహకులకు చెడు ఉద్దేశం ఏమీ లేదని నాకు తెలుసు, వాళ్లకు ఆ ఆలోచన తట్టలేదు, అంతే. ఈ లేఖ రాయాలని నాకు అనిపించింది మాత్రం ఆ రాత్రే.

మనిషిని మోసే గంప అల్లడం ఎంత పనో ఒక్కసారి చెప్పనివ్వండి. అడుగు భాగానికి దళసరి దబ్బలు అడ్డంగా నిలువుగా పేర్చి, బరువు మధ్యలో పడకుండా చుట్టూ పంచుకునేలా బిగించాలి. అక్కడినుంచి పైకి లేచే నిలువు దబ్బలు బేసి సంఖ్యలో ఉండాలి. సరి సంఖ్యలో ఉంటే, చుట్టూ తిరిగివచ్చే అల్లిక దబ్బ ప్రతి వరుసలోనూ అదే నిలువు దబ్బ ముందూ, అదే దాని వెనుకా పడుతుంది, అల్లిక పట్టు చిక్కదు. లెక్కలు రాసి బతికే నాకు బేసి సంఖ్య అంటే ఏమిటో బడిలో టీచరు కంటే ముందు మా నాన్నగారి గంప నేర్పింది. వెదురు పైపొర నున్నగా, గట్టిగా ఉంటుంది, లోపలి పొర మెత్తన. మోసే గంపకు పైపొర దబ్బలే వాడాలి. అంచు కట్టేటప్పుడు మడిచిన దబ్బ మొనలు లోపలికి పోవాలి, లేకపోతే పట్టుచీర చిరుగుతుంది. పని పూర్తయ్యాక చేతిని అంచు చుట్టూ తిప్పి ఎక్కడా గీసుకోలేదని చూసుకున్నాకే అమ్మ గంపను పక్కన పెడుతుంది. వెదురును కాలివేళ్లతో తొక్కిపట్టి చీల్చాలి కాబట్టి, కొత్త మోపు విప్పిన రోజు మొదటి బొంగును కళ్లకు అద్దుకున్నాకే కత్తి పెట్టడం మా ఇంటి పద్ధతి. విజయదశమికి ఆ కత్తికి పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తాం, ఆ రోజు దాన్ని పనిలో పెట్టం.

మా పల్లె రోజులు గుర్తుచేసుకుంటే, మేదరి ఇల్లు పండుగలమీదే బతకలేదు. వ్యవసాయం మీద బతికింది. ఎరువు మోసే తట్టలు, మట్టి ఎత్తే మంకెరలు, కోళ్లను కప్పే గంపలు, ధాన్యం పోసుకునే గాదెలు, కొట్టాలకు తడికలు, గంజి వార్చడానికి సిబ్బిరేకులు, తూర్పారపట్టే చాటలు, ఏడాది పొడుగునా ఏదో ఒకటి కావలసివచ్చేది. మా వైపు చేటను చాట అనే అంటారు. కొత్త చాట ఇంటికి వచ్చాక నానబెట్టిన కాగితాన్ని, మెంతులను కలిపి రుబ్బి సందులు మూసుకుపోయేలా అలికేవారు. కళ్లం దగ్గర రైతు మాకు గింజలు కొలిచేవాడు, డబ్బు చేతులు మారడం తక్కువ. కరువు వస్తే రైతుతోపాటు మేమూ పస్తులున్నాం కనుక ఆ కాలాన్ని నేను గొప్పదని చెప్పను. కానీ రేపు మన సరుకు ఎవరికి కావాలన్న దిగులు ఆ ఇంట్లో లేదు.

హిందూపురం వైపు మా బతుకును నిలబెట్టింది పట్టుపురుగు. దాని గురించి మీలో చాలామందికి తెలిసి ఉండదు కనుక కొంచెం ఆగి చెబుతాను. పట్టుపురుగు పండి, ఒళ్లు మిలమిలలాడుతూ గూడు కట్టుకునే వేళకు దాన్ని తట్టలోంచి ఏరి చంద్రిక మీదకు మార్చాలి. చంద్రిక అంటే సుమారు ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న వెదురు చాప. దానిమీద సన్నని వెదురు దబ్బను నిలువుగా నిలబెట్టి, బయటి అంచునుంచి లోపలికి చుట్టలు చుట్టలుగా తిప్పి బిగిస్తారు. ఆ చుట్టల మధ్య సందులో పురుగు కూర్చుని గూడు అల్లుకుంటుంది. ఒక చంద్రిక మీద దాదాపు వెయ్యి పురుగులు పడతాయి. చిత్తూరు జిల్లా పల్లెల్లో, కోలారు, శిడ్లఘట్ట, రామనగర వైపు ఇళ్ల ముందు గోడకు ఆనించి ఉండే చంద్రికలు మా కులంవాళ్ల చేతులమీదుగా వచ్చినవే. మా నాన్నగారు చంద్రికలు అల్లి మా అన్నను, నన్ను చదివించారు. తర్వాత చంద్రికలకు బదులు మడతపెట్టుకోగలిగే ప్లాస్టిక్ నేత్రికలు వచ్చాయి, తట్టలు అక్కరలేని కొమ్మల మేపు పద్ధతి వచ్చింది. టమాటా సంతల్లో వెదురు బుట్టల స్థానంలో ప్లాస్టిక్ క్రేట్లు వచ్చాయి. రైతుకు అవి చౌక, కడగడం సులువు. అందుకు నేను రైతును తప్పుపట్టలేను. వ్యవసాయంలో మా చోటు పోయాక మిగిలింది పండుగలు, పెళ్లిళ్లు. అందుకే మీ దగ్గరికి వచ్చాను.

ప్లాస్టిక్‌ను ప్రభుత్వం నిషేధించింది కదా, ఇక మీకు మంచి రోజులే అని కొందరు అంటుంటారు. కర్ణాటకలో 2016లోనే ప్లాస్టిక్ సంచుల మీద నిషేధం వచ్చింది. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని నిషేధించారు. ఆ జాబితాలో స్ట్రాలు, పళ్లేలు, చెంచాలు ఉన్నాయి కానీ ప్లాస్టిక్ చేటా లేదు, బుట్టా లేదు. కనుక ఆ నిషేధం వల్ల మాకు పని పెరగలేదు.

అడవి సంగతి కూడా చెప్పాలి. 1970ల మధ్యలో కర్ణాటక మేదరులు తమకు వెదురు దొరకడం లేదని, కాగితం మిల్లులకు మాత్రం నామమాత్రపు ధరకు అడవులను రాసిచ్చారని ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు. ఆ ఫిర్యాదు మీద విచారించే పని మన బెంగళూరులోనే, భారతీయ విజ్ఞాన సంస్థలో పనిచేస్తున్న మాధవ్ గాడ్గిల్ గారికి వచ్చింది. వెదురు నశించడానికి పల్లెవాసులూ వాళ్ల పశువులే కారణమని అప్పటిదాకా చెప్పుకునేవారు. ఆయన అడవిలో తిరిగి చూస్తే తేలింది వేరు. వెదురు పొద మొదట్లో దట్టంగా అల్లుకుని ఉండే ముళ్లను, నరకడం సులువవుతుందని, పొదకు మేలని శుభ్రం చేయించేవారు. ఆ ముళ్ల కంచె పోవడంతో లేత పిలకలను పశువులు, అడవి జంతువులు తినేసేవి. ముళ్లు తీయకూడదని అక్కడి పల్లెవాసులకు ముందే తెలుసు. ఈ కథ విన్నప్పుడల్లా నాకు మా తాతగారు గుర్తొస్తారు. పొదలో ఏ బొంగును వదలాలో, ఏది కొట్టాలో ఆయనకు తెలుసు, పొద చస్తే తన ఇల్లు చస్తుందనీ తెలుసు. ఆయనను అడిగినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

చట్టాలు తర్వాత కొంత మారాయి. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించింది. 1927 నాటి అటవీ చట్టం వెదురును చెట్టుగా లెక్కించేది, 2017లో ఆ నిర్వచనంలోంచి వెదురును తీసేశారు. అయితే 2006 చట్టం అడవిలో ఉండేవారికి, 2017 సవరణ సొంత పొలంలో వెదురు పెంచుకునేవారికి. నగరంలో పేవ్‌మెంటు మీద కూర్చుని అల్లే మేదరికి అడవీ లేదు, పొలమూ లేదు. కంటోన్మెంటు వైపు బంబూ బజారులో చెప్పిన ధరకు కొనుక్కోవడం తప్ప ఆమెకు వేరే దారి లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో మేము వెనుకబడిన తరగతుల్లో ‘ఎ’ గ్రూపులో ఉన్నాం. కర్ణాటకలో మేదరులు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు. కులం ఒకటే, కత్తి ఒకటే, అల్లిక ఒకటే. కాని హిందూపురం నుంచి వచ్చిన కుటుంబానికి ఇక్కడి ధ్రువపత్రం రాదు, అక్కడిది ఇక్కడ చెల్లదు. దీన్ని మీరు మార్చలేరు, మార్చమని అడగను. మీరు చేయగల చిన్న సహాయం వేరే ఉంది. 2023 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో బుట్టలు, చాపలు అల్లే పని కూడా ఉంది. పనిముట్లకు 15,000 రూపాయలు, శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష రూపాయల వరకు అప్పు ఇస్తారు. పేరు నమోదుకు ఆధార్, దానికి కలిపిన ఫోను నంబరు, వేలిముద్ర కావాలి. నలభై ఏళ్లు దబ్బ చీల్చిన వేళ్ల మీద గీతలు అరిగిపోయి యంత్రం గుర్తుపట్టక మా అమ్మ రెండుసార్లు తిరిగివచ్చింది. మీ సంఘాల్లో కంప్యూటరు పని తెలిసిన యువకులు ఒక్క ఆదివారం మా వాళ్లతో సేవాకేంద్రానికి వెళ్లి, పని పూర్తయ్యేదాకా పక్కన నిలబడితే అదే పెద్ద ఉపకారం.

మళ్లీ అసలు విషయానికి వస్తాను. వైశాఖంలో ఇచ్చే సగం సొమ్ముకు రసీదు రాసిస్తాం, శ్రావణ పౌర్ణమి లోపల సరుకు అప్పగిస్తాం. చేట కొలత, జతకు ధర ముందే కాగితం మీద రాసుకుందాం. ఒక్కో చేటను మీరే చూసి, దబ్బ విరిగినదాన్ని, అంచు వదులైనదాన్ని తిప్పి పంపండి. మాకు ఇంకొక కష్టం ఉంది. జ్యేష్ఠ, ఆషాఢాల్లో అల్లిన చేటలకు వాన తేమ తగిలితే బూజు పడుతుంది. ఒక్క గదిలో నలుగురు పడుకునే ఇళ్లలో వంద జతల చేటలు పేర్చే చోటు ఉండదు. మీ భవనాల్లో, మండపాల్లో ఆషాఢంలో ఖాళీగా ఉండే గది ఒకటి, గాలి తగిలేది, ఆ రెండు నెలలు మాకు వదలండి. గది ఊడ్చి, తుడిచి అప్పగించే పూచీ మాది. పెళ్లి గంప విషయంలో మండపం బుక్ చేసుకునే రోజునే ఆ కుటుంబాన్ని అడిగితే చాలు, అల్లడానికి మాకు పది రోజుల గడువు సరిపోతుంది. పెళ్లయ్యాక ఆ గంప వాళ్ల ఇంట్లోనే ఉంటుంది, మనుమలు పుట్టాక బొమ్మలు వేసుకోవడానికైనా పనికివస్తుంది.

వెదురు చేట ప్లాస్టిక్ చేటకంటే ఖరీదే. కాదనను. అందులో ఒక మనిషి సగం రోజు ఉంది. పన్నెండో శతాబ్దంలో కల్యాణ నగరంలో బసవేశ్వరుని తోటి శరణుల్లో, అంటే శివభక్తుల్లో, మేదర కేతయ్య గారు ఉండేవారు. ‘గవరేశ్వర’ అన్న అంకితంతో (వచనం చివర వచ్చే దైవనామంతో) వచనాలు చెప్పిన ఆ మహానుభావుడు బుట్టలు అల్లి, ఆ సంపాదనతోనే శివభక్తులైన జంగములకు అన్నం పెట్టేవాడని మా వాళ్లు చెప్పుకుంటారు. పనిచేసి తినడం, తిన్నదానిలో పెట్టడం మా ఇళ్లలో ఆయన పేరుతోనే నేర్పుతారు. అందువల్ల మా అమ్మ విరాళం అంటే ఒప్పుకోదు. ఈ లేఖ చదివి వినిపించినప్పుడు, సహాయం అన్న మాట ఎన్నిసార్లు రాశావని నన్ను అడిగి, ఒక చోట తప్ప అన్ని చోట్లా కొట్టివేయించింది.

ఉగాదికి మీ అందరి కార్యవర్గాలూ కూర్చుంటాయి. ఆ సమావేశంలో మీ సభ్యుల ఇళ్లకు ఎన్ని జతలు కావాలో ఒక కాగితం తిప్పి రాయించండి. ఆ అంకె నాకు తెలియజేస్తే, బెంగళూరులో, హిందూపురంలో అల్లే ఇళ్లు నాకు తెలుసు, ఎవరెవరు ఎన్ని అల్లగలరో పంచి చెప్పే బాధ్యత నాది. మొదటి ఏడు ఒక్క సంఘం యాభై జతలకు ఒప్పుకున్నా మాకు సంతోషమే. వైశాఖంలో వెదురు మోపు ఇంటి ముందు దిగుతుంది.

ఇట్లు,
మేదరి ఇంటి ఆడబిడ్డ,
బెంగళూరు